కొత్తవాడల మూడొద్దులు

వాన ఎలిసిన నాలుగో నాడు
కాజీపేట నుంచి రెండు ఆటోలల్ల పోయినం.
పదకొండు మందిమి, ఒక బ్యానరు,
నలభై బియ్యం సంచులు, సబ్బులు, ఫినాయిలు,
ఒళ్లె గిటారు పెట్టుకొని ఒబేదు.
గిటారెందుకురా అని ఎవ్వలం అడగలే.

కొత్తవాడ గల్లీల బురద ఎండి పగుళ్లిచ్చింది.
గోడల మీద నీళ్లు గీసిపోయిన గీత
నా భుజం కాడిదాక ఉన్నది.
ఎలీషా అన్న లిస్టు చూసి పేర్లు పిలుస్తుంటే
గడప ముందట నిలబడుడు,
సంచి ఇచ్చుడు, ఫోటో దిగుడు,
కండ్లు మూసి ప్రార్థన చేసుడు,
ఇంకో గడపకు పోవుడు.

పదిహేడో ఇంటి కాడ ఆగిపోయినం.
వంగరి ఓదెలు తాత సంచి అందుకోలే.
"బియ్యం రేషన్ల వస్తయ్ బిడ్డా.
మగ్గం గుంటల నీళ్లున్నయ్,
చేతనైతే గవి తోడుండ్రి."

గుంటంటే ఏందో మాకు తెల్వదు.
లోపట చీకట్ల, మగ్గం కింద
మనిషి కూసోని కాళ్లు ఇడిసేటంత లోతు.
అండ్ల నల్లటి నీళ్లు,
నీళ్ల మీద తేలుకుంట ఒక నాడె,
నాడె మీద కూసోని మమ్ముల చూసుకుంట ఒక కప్ప.

బకెట్లతోని, చెంబులతోని,
అవి సాలక ఫినాయిలు డబ్బా నడుమకు కోసి
పొద్దుగూకె దాక తోడినం.
తెల్లారొచ్చి చూస్తే మళ్ల సగం ఊరింది.
కెజియా ఏడ్చింది.
బుచ్చవ్వ నవ్వింది:
"భూమి తాగినదంత కక్కొద్దా పిల్లా,
ఇంకోపారి తోడుదురు గని ముందు చాయ తాగుండ్రి."

తాగిన.
మా నాయినమ్మను ఇసొంటి గడపల బయట నిలబెట్టి
దోసిట్లకు పైనుంచి నీళ్లు పోసేటోళ్లట.
ఆ ముచ్చట బుచ్చవ్వకు చెప్పలే.
గ్లాసు కడగబోతే చేతులకెళ్లి గుంజుకున్నది,
"నువ్వు కడుగుడేంది, సుట్టానివి."

మూడో నాడు నూలు పని.
తడిసి చిక్కుపడ్డ పడుగును
తాత ఒక్కో పోగూ ఇడదీసి
గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు గుంజిండు.
పాతే కట్టెలు వరదల కొట్టుకపోయినయ్ గదా,
"మీరే నిలబడుండ్రి" అన్నడు.
నిలబడ్డం, పదకొండు గుంజలం.
చేతుల మీద నూలు, నూలు మీద ఎండ.
ఎవ్వలన్న కదిలితే
"ఏ గుంజరా ఊగుతున్నది?" అని కేక.
ఒబేదుకు ముక్కు దురద లేస్తే
పక్కింటి చిన్నపోరి అరుగెక్కి గోకిపోయింది.
ఆ పొద్దు ఫోటోలు లేవు.
ఎవ్వల చేతులూ ఖాళీ లేవు.

ప్రార్థన చేద్దామన్నడు ఎలీషా అన్న.
కండ్లు మూస్తే నూలు జారుతదని తాత ఒప్పుకోలే.
"తెరుసుకోనే చేసుకోండ్రి. ఇంటడు తియ్."
కండ్లు తెరిచి చేసుడు నాకు గదే మొదటిసారి.
ఏం అడగాల్నో యాదికి రాలే.
కరెంటు తీగ మీద రెండు కాకులు.
కింద బుచ్చవ్వ, మా బ్యానరును బోర్ల పరిచి
దాని మీద తడి కండెలు ఆరబోస్తున్నది.

పోయేటప్పుడు తాత అడిగిండు:
"మీ చర్చిల కూసునేతందుకు ఏం పరుస్తరు?"
"జంపఖానా."
"ఏం రంగు?"
"ఎర్ర చారలు, నీలం అంచు."
"అంచు పొంటి రెండు తెల్ల పోగులున్నయా?"
తెల్వదన్న.
పదేండ్ల సంది దాని మీదనే కూసుంటున్న.

ఆదివారం.
పాస్టరుగారు మా సేవ గురించి చెప్తున్నరు.
చప్పట్లు కొడుతున్నరు.
నేను మోకాలు పక్కకు జరిపి
అంచు ఎతుకుతున్న.
నా జాగ గదే, కిటికీ పక్కన.
చిన్నప్పటి సంది
ప్రసంగం పొడుగైనప్పుడల్ల
గోటితోని పీకి పీకి
గక్కడ జానెడు మేర
పోగులే లేవు.